నోటి కొలత

మా ఎదురింటి రేడియో పిన్ని అందట, నాకు గుండె జబ్బూ లేదు గుమ్మడికాయా లేదు, ఉన్నదల్లా ఒళ్ళు బద్ధకమేనట. ఆ మాట ఆవిడ నాతో అనలేదు. ఇస్త్రీ చేసే అతనితో అంది, అతను చొక్కాలు మడతపెడుతూ మా పెన్సిలుతో అన్నాడు, పెన్సిలు ఇంటికొచ్చి నాకు చెప్పింది. పెన్సిలంటే మా ఆడపడుచు. ఎప్పుడూ జుట్టుముడిలో పెన్సిలు గుచ్చుకుని తిరుగుతుంది గనక మా కుట్టు దుకాణానికి వచ్చేవాళ్ళు పెట్టిన పేరది. బిడ్డ పుట్టి పదకొండు నెలలయినా రెండు మెట్లెక్కి మూడో మెట్టు మీద కూర్చుంటే దాన్ని జబ్బంటారా అమ్మా, మనం కనలేదా, కన్న వారానికే నీళ్ళు మొయ్యలేదా, ఈ కాలం వాళ్ళకి బిడ్డొక వంక దొరికింది, అందట పిన్ని. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ నవ్వాను. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే ఛాతీ అడుగున తడిబట్ట పిండినట్టు చప్పుడయింది. పెన్సిలు నవ్వడం మానేసింది. అది నాలుగు రోజుల కిందటి సంగతి. ఇప్పుడు ఈ నడవాలో, ప్లాస్టిక్ కుర్చీలో, పన్నెండో నంబరు చీటీ గుప్పిట్లో పెట్టుకుని కూర్చుని, రేడియో పిన్ని మాటే నిజం కావాలని కోరుకుంటున్నాను. బద్ధకమే అయితే ఎంత బాగుండును. బద్ధకానికి నాలుగు తిట్లు చాలు.

ఎదురుగా తెల్ల తలుపు. తలుపుకి గుండ్రటి అద్దం, అద్దానికి లోపలివైపు నల్లగుడ్డ. గుండెని తెర మీద చూపించే గది అది. తలుపు సందులోంచి అప్పుడప్పుడు ఒక చప్పుడు వస్తోంది, హుష్షు హుష్షుమని, ఎవరో తడి నేలని చీపురుతో ఊడుస్తున్నట్టు. గుమ్మం పక్కన ఒక జత తోలుచెప్పులు. పదకొండో నంబరాయనవి. లోపలికి వెళ్ళేముందు వాటిని ఒకదాని పక్కన ఒకటి సర్ది, మళ్ళీ వంగి కొంచెం జరిపి, నా వంక చూసి సిగ్గుగా నవ్వాడు. ఎడమ మడమ ఎక్కువ అరిగింది. అలాంటి వాళ్ళకి పాంటు కుట్టేటప్పుడు ఎడమ కాలు పావంగుళం తక్కువ పెట్టాలి, లేకపోతే అంచు నేలకి రాసుకుంటుంది. ఆయన లోపలికి వెళ్ళి ఎంతసేపయిందో. ఒక్కో మనిషికి పావుగంట అన్నారు. హుష్షుమనే చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది. చెప్పులు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఈ ఆసుపత్రికి రెండు భవనాలు. పిల్లలు పుట్టేది ఆ భవనం, గోడల నిండా ఏనుగులూ బంతులూ. గుండెలు చూసేది ఈ భవనం, గోడల మీద ఏమీ లేదు, ఇక్కడికి వచ్చేవాళ్ళకి బొమ్మలెందుకనుకున్నారేమో. రెంటికీ మధ్య గాజుకిటికీల నడవా. నూట యాభై అడుగులుంటుంది. ఈ పొద్దున అది దాటడానికి నేను మూడుసార్లు గోడ పట్టుకున్నాను. మనిషికి పట్టినంత కాలం కాగితానికి కూడా పట్టిందేమో, ఆ భవనంలోని నా కాగితాలు ఈ భవనానికి రానే లేదు. ముందు బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి తలెత్తకుండా అడిగింది, "కాన్పప్పుడు బీపీ వచ్చిందా?" వచ్చిందన్నాను. "ఎంత?" అంది. చాలా, అన్నాను. చాలా అంటే ఏ గడిలో రాయను అన్నట్టు చూసి, ఇంట్లో రాసుకున్న పుస్తకమేదైనా ఉంటే తీసి పేజీ తెరిచి ఉంచుకోమంది. ఉంది. మా కొలతల పుస్తకమే. వెనకవైపు నుంచి పాంట్లూ గౌన్లూ, ముందువైపు నుంచి నా బీపీ. సంచిలో అడుగున, పిట్ట పాలసీసాకీ గుడ్డలకీ కింద.

పిట్ట నా కూతురు. పుట్టినప్పుడు అరచేతిలో పట్టింది, అందుకని పిట్ట. దాన్నెత్తుకుని మా అత్తయ్య నడవా చివర కిటికీ దగ్గరికి వెళ్ళింది, వెనకాల పెన్సిలు. కింద కార్లు తిరుగుతుంటే పిట్ట కిటికీ అద్దాన్ని అరచేత్తో కొడుతోంది. నేను ఒక్కదాన్నే ఉన్నాను. పుస్తకం తీశాను. తెరిచాను.

మొదటి వరస. నూట పద్దెనిమిది, డెబ్భై ఆరు. రెండో వరస. నూట ఇరవై, ఎనభై. తర్వాత నూట పదహారు. తర్వాత మళ్ళీ నూట ఇరవై. ఇదెవరి పుస్తకం అనుకున్నాను ముందు. నిజంగానే అట్ట తిప్పి చూశాను. అట్ట మీద మా దుకాణం సుద్ద మరక, పెన్సిలు చేతిరాత, ఎడమకి వాలే ఏడు, తోక లేని తొమ్మిది. పేజీ తిప్పాను. ఆరు వారాలు, రోజుకి రెండు పూటలు, ఎనభై నాలుగు వరసలు. ఒక్కటి కూడా నూట ఇరవై నాలుగు దాటలేదు. ఈ అంకెలు నేనెక్కడో విన్నాను. ఎక్కడో ఏమిటి, నా నోటితోనే విన్నాను. ఇవి నేను పైకి అన్న అంకెలు. నా అబద్ధాలన్నీ ఒకదాని కింద ఒకటి బుద్ధిగా గళ్ళల్లో కూర్చుని నా వంక చూస్తున్నాయి. గుండె ఒక దెబ్బ మరిచిపోయింది, తర్వాత మరిచిన దాన్ని కలిపి రెండు గట్టిగా కొట్టింది.

మాది రెండు మిషన్ల కుట్టు దుకాణం. ఒక బల్ల, ఒక నిలువుటద్దం. కొలత తీసేది నేను, రాసేది పెన్సిలు. నాకు పని నేర్పిన ముసలాయన మొదటిరోజే చెప్పాడు, టేపు నిజం పట్టుకోవాలి, నోరు మనిషిని పట్టుకోవాలి అని. నడుము నలభై ఉన్న మనిషిని అద్దం ముందు నిలబెట్టి నలభై అని పైకి చదివి చూడండి, ఆ మొహం ఎలా మాడిపోతుందో. ముప్పై ఎనిమిదనండి, పొట్ట బిగబట్టడం మానేసి నిటారుగా నిలబడతాడు, అప్పుడు గానీ అసలు కొలత రాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు. అందుకని నేను రెండంగుళాలు తగ్గించి అంటాను. పెన్సిలు నా నోటి వంక చూడదు. టేపు మీద నా బొటనవేలు ఎక్కడ ఆగిందో చూసి అది రాస్తుంది. ఏడేళ్ళుగా ఇదే పద్ధతి. ఒక్కనాడు దీని గురించి మేం మాట్లాడుకున్నది లేదు, కన్నుగీటుకున్నది లేదు. నా నోరు వచ్చినవాళ్ళకి, దాని కళ్ళు పుస్తకానికి. ఒక్క బట్ట బిగుసుకుపోయి వెనక్కి రాలేదు. పెన్సిలు రాసిన పుస్తకాన్ని నేను తెరిచి సరిచూడడమంటే నా కుడిచెయ్యి మీద నా ఎడమచెయ్యి నిఘా పెట్టినట్టే. అందుకే తెరవలేదు. ఈ రోజుదాకా తెరవలేదు.

ముప్పై మూడో వారంలో మొదలైంది. పాదాలు రొట్టెల్లా పొంగాయి, చెప్పులు పట్టక దుకాణంలో మా ఆయన చెప్పులేసుకు తిరిగాను, పెన్సిలు నన్ను బాతు వదినా అని పిలిచింది. తర్వాత కణతల్లో మేకు దిగేసినట్టు తలనొప్పి. సూదిలో దారం ఎక్కిస్తుంటే సూది చుట్టూ మిణుగురులు. గండం ఉన్న కాన్పులు మాత్రమే చూసే పెద్ద డాక్టరమ్మ నా చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి, మళ్ళీ చుట్టి, మళ్ళీ చూసి, నర్సుతో చిన్న గొంతుతో ఏదో అంది. చిన్న గొంతుతో చెప్పేవి పెద్ద మాటలని నాకప్పుడే తెలిసింది. బిడ్డని బయటికి తీస్తే తప్ప ఇది దిగదు, అంది. తీశారు. కిలో ఆరువందల గ్రాములు. పిట్టని గాజుపెట్టెలో పెట్టారు, ఇరవై నాలుగు రోజులు అందరి కళ్ళూ ఆ గాజు మీదే. ఇవాళ ఎంత పెరిగింది, ఇవాళ ఎన్ని చుక్కలు తాగింది. లోపలి వస్తువు తీసుకున్నాక అట్టపెట్టెని ఎవరు చూస్తారు. నేనూ చూసుకోలేదు. నాకూ పిట్టే కావాలి. పెద్ద డాక్టరమ్మ ఒక్కతే, ఇంటికి పంపే రోజున, నా మంచం అంచున కూర్చుని అంది, "ఇల్లు అలకగానే పండగ కాదమ్మాయ్. బిడ్డ బయటికొచ్చింది గదా అని గండం గడిచిందనుకోకు. ఈ కాన్పుని నువ్వు మరిచిపోతావు, నీ గుండె మరిచిపోదు. రోజూ రెండు పూటలా బీపీ చూసుకుని రాయి. ఏటేటా గుండె చూపించుకో." ఆరు వారాలకని బీపీ మాత్రలూ, ఒక బీపీ మిషనూ వాళ్ళే ఇచ్చి పంపారు. గుండె మరిచిపోదు అన్న మాట నాకెందుకో నచ్చలేదు. పాత అప్పులాయన గురించి మాట్లాడినట్టుంది.

ఇక ఇంట్లో. మంచం మీద నేను, నా ఎడమ పక్కన పుస్తకంతో పెన్సిలు, కాళ్ళ దగ్గర అత్తయ్య. మిషను తెర నాకూ పెన్సిలుకీ కనిపిస్తుంది, అత్తయ్యకి దాని వీపు కనిపిస్తుంది. పట్టీ బుసబుసా పొంగి చేతిని పిండేస్తుంటే అత్తయ్య నా పెదాల వంకే చూసేది, ఊపిరి కూడా తీసేది కాదు. "ఎంతొచ్చిందే?" అనేది. తెర మీద నూట యాభై ఆరు, నూట నాలుగు. నూట ఇరవై, ఎనభై అత్తయ్యా, అనేదాన్ని. నా ప్రమేయం లేకుండానే నోరు దుకాణంలో అన్నట్టే అనేసేది. ఆవిడ భుజాలు దిగేవి. ఆ భుజాలు దిగడం చూడ్డం కోసం నేను ఎన్నయినా తగ్గించేదాన్ని. రెండంగుళాల అలవాటు ముప్పై అయింది, నలభై అయింది. పక్కన పెన్సిలు ఉంది గదా, తెర చూసి అసలుది రాస్తోంది గదా అన్న ధీమా. అబద్ధం గాల్లోకి పోతుంది, నిజం పుస్తకంలోకి పోతుంది. డాక్టర్లు చదివేది పుస్తకాన్నే గాని గాలిని కాదు.

అత్తయ్యకి ఎందుకు చెప్పకూడదో ఇంట్లో అందరికీ తెలుసు, పిట్టకి తప్ప. ఆవిడకి ఒక చెల్లెలుండేది. ఇద్దరూ ఒకే ఏడు కడుపుతో ఉన్నారు. అత్తయ్య ముందు కంది, మా ఆయన్ని. చెల్లెలికి నెలలు నిండకుండానే ఒళ్ళంతా నీరొచ్చి, తల పగిలిపోతోందని ఏడ్చి, ఒక మధ్యాహ్నం ఫిట్స్ వచ్చి పోయింది, కడుపులో బిడ్డతో సహా. అప్పటికి అత్తయ్య పది రోజుల బాలింత. పచ్చి ఒళ్ళు, తట్టుకోలేదు, పాలు ఇంకిపోతాయి అన్నారు పెద్దవాళ్ళు. చెప్పలేదు. నలభై రోజులు చెప్పలేదు. చెల్లెలికి ఎలా ఉందని అడిగితే బాగుందన్నారు. కాన్పయిందా అంటే ఇంకా లేదన్నారు. ఆ నలభై రోజులూ అత్తయ్య పుట్టబోయే ఆ బిడ్డకని చిన్న చిన్న చొక్కాలు చేత్తో కుట్టింది, ఏడు కుట్టింది, కుట్టిందల్లా అందరికీ చూపించింది, అందరూ బాగున్నాయన్నారు. ఆ కుట్టు ఎంత సన్నమంటే నేను ఇరవై ఏళ్ళు మిషను తొక్కినా అంత నేరుగా పోదు. ఆ చొక్కాలు ఇంకా ఉన్నాయి, పెట్టె అడుగున, ఒక్కటి కూడా ఎవరికీ తొడగలేదు. పిట్ట గాజుపెట్టెలోంచి బయటికొచ్చిన రోజున దానికి సరిపోయే బట్ట ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. ఆ చొక్కాలైతే సరిగ్గా సరిపోయేవి. అత్తయ్య పెట్టె దాకా వెళ్ళి, మూత మీద చెయ్యి పెట్టి, తీసేసుకుంది. నేను చూశాను. అలాంటి మనిషి కాళ్ళ దగ్గర కూర్చుని ఎంతొచ్చిందే అని అడిగితే నూట యాభై ఆరు అని ఎలా అంటాను. మీరయితే అంటారా?

ఆరు వారాలూ నిండాక పుస్తకం పట్టుకుని వెళ్ళాం. పెద్ద డాక్టరమ్మ ఊళ్ళో లేదు, కొత్త కుర్రడాక్టరు ఉన్నాడు. నర్సు పట్టీ చుట్టింది, నూట నలభై ఎనిమిది వచ్చింది. ఆయన నవ్వి, "ఇక్కడికొచ్చేసరికి అందరికీ పెరుగుతుందండీ, మెట్లెక్కొచ్చారు, కంగారు, ఇంట్లోవే లెక్క," అని పుస్తకం తిప్పాడు. పేజీ తర్వాత పేజీ. తల ఊపుకుంటూ. "బాగుంది. చాలా బాగుంది. మాత్రలు ఆపేద్దాం." ఆ క్షణం నాకు బాగా గుర్తు. నేను ఆశ్చర్యపోయాను. నూట యాభైలూ నూట అరవైలూ చూసి బాగుందంటున్నాడేమిటి అనుకున్నాను. వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను, బట్టలు కత్తిరించేదానివి నీకేం తెలుసే, అన్నీ చూసి చదువుకున్నాయన బాగుందంటే బాగున్నట్టే, ఊరికే భయపడ్డావు అని. ఆ రోజు నుంచి నాకు ఎంత ధైర్యం వచ్చిందంటే, మిషను తిరిగి ఇచ్చేశాను, మాత్రలు మానేశాను, దుకాణం తెరిచాను. అసలు అంకెలు చూసి బాగుందన్నాడని నమ్మాను. ఆయన నా నోటి కొలతలు చూసి బాగుందన్నాడు. ఆయన నాకు చెప్పింది నేను అత్తయ్యకి చెప్పిందే. నా అబద్ధం నడవా దాటి వెళ్ళి, తెల్లకోటు తొడుక్కుని, నిజమై నా దగ్గరికే తిరిగొచ్చింది.

అప్పటినుంచి ఎన్ని నెలలు. మూడో నెలలో మిషను తొక్కుతుంటే ఆయాసం, నిద్రలేమి అన్నారు. ఐదో నెలలో ఒక దిండు మీద పడుకుంటే ఊపిరాడలేదు, రెండు పెట్టుకున్నాను. ఏడో నెలలో మూడు. ఇప్పుడు గోడకి ఆనుకుని కూర్చుని పడుకుంటున్నాను, పడుకోవడమంటే అదేనని ఒంటికి అలవాటైపోయింది. సాయంత్రానికి మేజోడు అంచు కాలి మీద గీతలా దిగబడుతోంది, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. పిట్టనెత్తుకుని గుమ్మం దాకా నడిస్తే గుమ్మం దగ్గర గోడ వెతుక్కుంటున్నాను. ఇవన్నీ కూడా అంకెలే. ఎవరూ రాయలేదు.

తలుపు తెరుచుకుంది. పదకొండో నంబరాయన రాలేదు. నీలం చొక్కా వార్డుబాయి వచ్చాడు, ఎవరి వంకా చూడకుండా వంగి ఆ తోలుచెప్పులు రెండూ తీసి ఒక ప్లాస్టిక్ కవరులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది. ఆ గదికి అవతలవైపు ఇంకో తలుపుందన్నమాట. చెప్పులుండిన చోట దుమ్ము అంటి నేల కొంచెం తెల్లగా ఉంది.

పెన్సిలు తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది. దాని వెనకే అత్తయ్య. పిట్ట నన్ను చూసి రెండు చేతులూ చాపింది, నేను తీసుకోలేదు. నా ఒళ్ళో తెరిచి ఉన్న పుస్తకాన్ని పెన్సిలు చూసింది. తర్వాత నన్ను చూసింది. దాని చెయ్యి జుట్టుముడి దగ్గరికి వెళ్ళి పెన్సిలుని తడుముకుని ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఎందుకే ఇలా రాశావని అడగాలి. గొంతుదాకా వచ్చింది. అడిగితే అత్తయ్య వింటుంది. అత్తయ్య వినకూడదని కదా ఇదంతా. ఇప్పుడు కూడా వినకూడదు. చూడండి ఎంత బాగా కుట్టుకున్నామో, లోపలున్నవాళ్ళు బయటికి రావడానికి ఎక్కడా కుట్టు ఊడదు. పెన్సిలు మెల్లిగా, "మంచినీళ్ళు కావాలా వదినా?" అంది. ఒద్దన్నాను. "పన్నెండు" అని లోపలినుంచి కేక వచ్చింది. చెప్పులు విడవాలి. ఆ తెల్లటి చోటు తప్పించి పక్కన విడిచాను.

లోపల చీకటి, చలి. మంచం మీద ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టింది పరీక్ష చేసే ఆవిడ, ఛాతీ మీద చల్లటి జిగురు రాసింది. మాటకారి. "కుట్టుపనా? అయ్యో మా పాప స్కూలు గౌను పొడుగు తగ్గించాలండీ, పెళ్ళికూతురి గౌనులా ఈడ్చుకుంటూ తిరుగుతోంది, మీ దుకాణం ఎక్కడ, ఆదివారం తీస్తారా," అంటూనే చేతిలోని పరికరాన్ని నా పక్కటెముకల మధ్య నొక్కింది. హుష్షు మొదలైంది. అది నాదే. తెర మీద బూడిద రంగులో ఏదో ముడుచుకుంటోంది, ముడుచుకోవాలని చూస్తోంది, సగంలో వదిలేస్తోంది. నాకు బొమ్మలు చదవడం రాదు, బట్ట చదవడం వచ్చు. ఎలాస్టిక్ సాగిపోయాక లాగి వదిలితే ఎలా వెనక్కి వస్తుందో, రావాలా వద్దా అన్నట్టు, అలా ఉంది. మధ్యలో సన్నటి రేకులాంటిది పైకీ కిందకీ ఆడుతోంది, పాత కాలితొక్కుడు మిషను పట్టా వదులైతే తొక్కినా సూది దిగదే, అలా. ఆదివారం తీస్తాం అన్నాను. గౌను గురించి ఇంక మాట్లాడలేదు. అదే చోట మళ్ళీ నొక్కింది. గీత గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. కొలత తీస్తోంది. కొలత రెండోసారి ఎప్పుడు తీస్తామో నాకు తెలుసు. "ఎంతొచ్చింది?" అని అడిగాను. ఆవిడ తెర నాకు కనపడకుండా కొద్దిగా అటు తిప్పి, "డాక్టరుగారు చెప్తారమ్మా," అంది, మెత్తగా. దుకాణంలో నా గొంతు ఇలాగే ఉంటుంది.

డాక్టరు గదిలో కుర్చీలు రెండే. నేనొకదాంట్లో, పిట్టతో అత్తయ్య ఒకదాంట్లో, పెన్సిలు నా వెనకాల నిలబడి. మా ఆయన బస్సు డ్యూటీ మీదున్నాడు, సాయంత్రానికి గాని దిగడు. గుండె డాక్టరు నడివయసాయన, మాట నెమ్మది. "ఒక్కో దెబ్బకి గుండె తనలోని రక్తంలో నూటికి అరవై వంతులు తోయాలమ్మా. మీది ఇరవై ఎనిమిది తోస్తోంది. గుండె గది సాగింది. మీరు ఇవాళ ఇంటికి వెళ్ళరు," అన్నాడు. పిట్ట బల్ల మీది కాగితం లాగబోతే అత్తయ్య దాని వేళ్ళు విప్పింది. రాగానే అడిగి తీసుకున్న మా పుస్తకాన్ని ఆయన ముందుకు జరిపాడు. "ఇది చూశాను. కాన్పయిన దగ్గర్నుంచీ బీపీ బంగారంలా ఉంది. ఇదే నిజమైతే గుండె కండ దానంతట అదే దెబ్బతింది, నేను వెతకాల్సింది ఒక దారి. కాదు, బీపీ ఇన్నాళ్ళూ లోలోపల కొడుతూనే ఉందంటే అది వేరే దారి, వేరే మందులు. రెండు దారులూ వెతుక్కునేంత వ్యవధి మీకు లేదు. అందుకని అడుగుతున్నా. ఇవి నిజమేనా?"

నూట ఇరవై, ఎనభై. నోటి చివర సిద్ధంగా ఉంది, ఎంత నునుపుగా ఉందో. పక్కన అత్తయ్య నా పెదాల వంక చూస్తోంది, ఊపిరి బిగబట్టి, అప్పట్లాగే. ఈవిడ భుజాలు దిగడం ఇంకొక్కసారి చూడాలనిపించింది. ఈవిడ ఒడిలో పిట్ట ఉంది. పిట్టకి నాలుగు పళ్ళొచ్చాయి. పిట్ట పెరిగి గౌను తొడుక్కుని పొడుగెక్కువైతే తగ్గించేదెవరు.

కళ్ళు మూసుకున్నాను. కొలతలు నా తలలోంచి పోవు, ఏడేళ్ళ కిందటి పెళ్ళికోటు భుజాలు కూడా చెప్పగలను. "రాసుకోండి," అన్నాను. "మొదటిరోజు పొద్దున నూట యాభై ఆరు, నూట నాలుగు. సాయంత్రం నూట యాభై రెండు, నూట రెండు. రెండోరోజు నూట అరవై, నూట ఆరు." ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను. వెనకాల సన్నగా గీకుతున్న చప్పుడు. పెన్సిలు జుట్టులోంచి పెన్సిలు తీసి, చేతికి దొరికిన చీటీ వెనక, నా నోరు వింటూ రాస్తోంది. ఎక్కడా ఆగలేదు, ఎంత అని అడగలేదు. తెర దానికీ కనపడిందిగా. పన్నెండో రోజు దగ్గర నేను తడబడితే, "నూట అరవై నాలుగు వదినా," అని అదే అందించింది. ఊపిరి చాలక నేనే ఆగాను.

డాక్టరు పుస్తకం వంకా చీటీ వంకా చూశాడు. "మరి ఇందులో అలా ఎందుకు రాశారు?"

పెన్సిలు తన పెన్సిలుని మళ్ళీ జుట్టులో గుచ్చుకుంది. "అమ్మ రోజూ సాయంత్రం కళ్ళజోడు పెట్టుకుని ఆ పుస్తకం చదివేదండీ. వదిన పైకి అన్నదొకటీ నేను రాసిందొకటీ అయితే దొరికిపోతాం గదా అని... డాక్టరుగారికి వదినే నోటితో చెప్తుందనుకున్నా."

"నువ్వు తెర చూసి రాస్తున్నావనుకున్నానే," అన్నాను.

"చూసేదాన్ని వదినా. రాయలేదు."

"ఎవరికోసం ఇదంతా?" అన్నాడు డాక్టరు, కోపంగా కాదు, అర్థం కాక.

ఇద్దరం ఒకేసారి అత్తయ్య వైపు చూశాం, చూడకూడదనుకుంటూనే. "అత్తయ్య తట్టుకోలేదని," అన్నాను చివరికి.

అత్తయ్య పిట్టని ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. దాని గౌను వెనక ఊడిన గుండీ పెట్టింది. పుస్తకం వంక చూడలేదు, మా వంకా చూడలేదు.

"మా చెల్లెలప్పుడూ ఇదే అన్నారు, నేను తట్టుకోలేనని," అంది. "నాకు చెప్పకపోతే అది బతికిందా?"